బఠానీ గింజలు లెక్కపెట్టిన రైతుబిడ్డ

సృజనశక్తి అనే మాట వినగానే మన కళ్లముందు కవులూ, చిత్రకారులూ, గాయకులూ మెదులుతారు. సైన్సు చదివేవాళ్లకు దాంతో పనేముంది, సూత్రాలు బట్టీపట్టి పరీక్ష రాసి బయటపడితే చాలు కదా అనే మాట మన క్యాంటీన్ బల్లల దగ్గర తరచుగా వినబడుతుంది. ఆ శక్తి పుట్టుకతో వచ్చే వరమనీ, ఎక్కణ్ణుంచో మెరుపులా దిగివస్తుందనీ, లేనివాడు ఎంత తన్నుకున్నా రాదనీ ఇంకొక నమ్మకం. ఈ రెండూ ఎంతవరకు నిజమని నాకు చాలాకాలంగా సందేహం. ఆ సందేహంతోనే గ్రెగర్ మెండెల్ జీవితం చదివాను. ఇంటర్మీడియట్‌లో మనమంతా ఆయన పేరు నేర్చుకున్నాం. 3:1 అనీ, 9:3:3:1 అనీ రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ అంకెల వెనక ఉన్న మనిషి గురించి మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో పట్టుమని పది వాక్యాలుండవు.

మెండెల్ 1822 జూలైలో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని సైలీషియా ప్రాంతంలో, హైంజెన్‌డార్ఫ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. తండ్రి ఆంటోన్ రైతు. తల్లి రోజీనె. పెట్టిన పేరు యోహాన్. గ్రెగర్ అన్నది తరవాత మఠంలో చేరినప్పుడు వచ్చిన పేరు. అక్క వెరోనికా, చెల్లెలు తెరేజియా, మధ్యలో ఒక్కడే మగపిల్లవాడు. అంటే నాగలి ఎవరి చేతికి రావాలో పుట్టిననాడే తేలిపోయిందన్నమాట. ఆంటోన్‌కు సొంత సేద్యం ఉన్నా, వారంలో మూడు రోజులు జమీందారు పొలంలో వెట్టి చెయ్యాలి. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెల్లో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మన తాతముత్తాతలు చేసిందే. మిగిలిన రోజుల్లో ఆయన తన పెరటి తోటలో పండ్లచెట్లకు అంట్లు కట్టేవాడు. ఊరి బడిలో కూడా చదువూ లెక్కలతోపాటు చెట్ల పెంపకం, తేనెటీగల పెంపకం నేర్పేవాళ్లు. పిల్లలు పలకా బలపంతోపాటు అంటుకత్తి కూడా పట్టారు. ఆ బడిని నడిపినవాళ్లు మహామేధావులేమీ కారు. కానీ మెండెల్ సృజన మొదటి విత్తనం అక్కడే పడిందని నా అభిప్రాయం. ఒక కొమ్మ గుణం ఇంకొక చెట్టుమీద కూడా మారకుండా నిలబడుతుందన్న సంగతి ఆ కుర్రవాడు పుస్తకంలో చదవకముందే కళ్లతో చూశాడు.

కుర్రవాడు చురుగ్గా ఉన్నాడని ఊరి పంతులు గమనించి పై చదువుకు పంపమన్నాడు. పదకొండేళ్లకు ఇల్లు వదిలాడు. ఆ మరుసటి ఏడాది, 1834లో, ట్రొపౌ పట్నంలో హైస్కూల్లో చేరాడు. హాస్టల్ డబ్బు పూర్తిగా కట్టే స్తోమత లేదు. సగం భోజనానికే కట్టారు. ఊరినుంచి బండి ఏదైనా అటు వెళ్తుంటే రొట్టె, వెన్న మూటగట్టి పంపేవాళ్లు. బండి రాని రోజుల్లో కడుపు సగమే నిండేది. ఊరినుంచి బియ్యం సంచి, పచ్చడి సీసా వచ్చేదాకా రోజులు లెక్కపెట్టుకునే మన హాస్టల్ మిత్రులకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

1838లో వెట్టిపని చేస్తుండగా చెట్టు దుంగ ఒకటి దొర్లి ఆంటోన్ ఛాతీమీద పడింది. ప్రాణం దక్కింది గానీ మళ్లీ మునుపటిలా పనిచెయ్యలేకపోయాడు. పదహారేళ్ల యోహాన్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు నెట్టుకొచ్చాడు. 1840లో ఓల్మూట్జ్ పట్నంలో చేరాక ట్యూషన్లు కూడా దొరకలేదు. జబ్బుపడి ఇంటికి తిరిగొచ్చి, చాలాకాలం మంచంలో ఉన్నాడు. నిజానికి ఆ కథ అక్కడితో ముగిసిపోవలసిందే. పొలం అక్క భర్తకు అప్పజెప్పారు. అప్పుడు చెల్లెలు తెరేజియా, తన పెళ్లికోసం దాచిన కట్నంలో కొంత భాగం అన్న చదువుకు ఇచ్చేసింది. ఆమెకు అప్పటికి ఇంకా పెళ్లికాలేదు. జీవశాస్త్ర చరిత్రలో తెరేజియా పేరు ఎక్కడా పెద్దక్షరాల్లో కనబడదు. కానీ ఆ డబ్బు లేకపోతే ఓల్మూట్జ్ చదువు లేదు, ఆ చదువు లేకపోతే తరవాతది ఏదీ లేదు. చెల్లెలి రుణం మెండెల్ మరిచిపోలేదు. ఆమె ముగ్గురు కొడుకుల చదువుకూ తరవాత తనే సాయం చేశాడు. అందులో ఇద్దరు డాక్టర్లయ్యారు.

1843లో ఆయన బ్రూన్ నగరంలోని సెయింట్ థామస్ మఠంలో చేరాడు. బ్రూన్‌నే ఇప్పుడు బ్రనో అంటున్నారు. భక్తి ఎంత ఉందో మనం కొలవలేం గానీ, అన్నం గురించిన దిగులు లేకుండా చదువుకోవచ్చు అన్నది అసలు కారణం. అందులో దాపరికం ఏమీ లేదు. ఫిజిక్సు చెప్పిన ఓల్మూట్జ్ పంతులే సిఫారసు ఉత్తరం రాశాడు. ఆ మఠం కూడా మామూలు మఠం కాదు. దాని అధిపతి సిరిల్ నాప్ పెద్ద చదువరి. లోపల తత్వవేత్తలు, వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు, సంగీతం తెలిసినవాళ్లు ఉండేవాళ్లు. పెద్ద లైబ్రరీ, దాని పక్కనే తోట. బ్రూన్ అప్పట్లో ఉన్ని బట్టల మిల్లులకు పేరుపడ్డ ఊరు. మంచి ఉన్ని ఇచ్చే గొర్రెలను ఎలా తయారుచెయ్యాలని పెంపకందారులు సభలు పెట్టి వాదించుకునేవాళ్లు. 1837లో అలాంటి ఒక చర్చలో నాప్ ఆ వాదన మొత్తాన్ని పక్కకు తిప్పాడు. ఎలా జతకట్టించాలన్నది అసలు ప్రశ్న కాదు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఏది వస్తోంది, ఎలా వస్తోంది అన్నదే ప్రశ్న అన్నాడు. అప్పటికి మెండెల్ ఇంకా ట్రొపౌలో అర్ధాకలితో చదువుకుంటున్నాడు. ఆయన జీవితాంతం మోసిన ప్రశ్న ఆయన రాకముందే ఆ ఊళ్లో తయారై కూర్చుందన్నమాట.

ఫాదరీ అయ్యాక ఆసుపత్రిలో రోగుల దగ్గరికి వెళ్లి ప్రార్థనలు చెప్పే పని అప్పగించారు. రోగుల బాధ చూసి తట్టుకోలేక తనే మంచం పట్టాడు. ఇంకొక అధిపతి అయితే ఈయన ఎందుకూ పనికిరాడని తేల్చేసేవాడేమో. నాప్ అలా అనుకోలేదు. 1849లో ట్స్నైమ్ అనే ఊరి బడికి తాత్కాలిక ఉపాధ్యాయుడిగా పంపాడు. పాఠం చెప్పడంలో మెండెల్‌కు మంచిపేరు వచ్చింది. పర్మనెంటు కావాలంటే ప్రభుత్వ పరీక్ష పాసవ్వాలి. 1850లో రాశాడు, తప్పాడు. ఫిజిక్సు జవాబులు పరీక్షకులకు నచ్చాయి. భూగర్భశాస్త్రం, జంతుశాస్త్రం దగ్గర బోల్తాపడ్డాడు. మొక్కల్లో, జంతువుల్లో వారసత్వం ఎలా నడుస్తుందో లోకానికి చెప్పబోయే మనిషి జీవశాస్త్రం పరీక్షలో తప్పడం ఏమిటని మనకు నవ్వొస్తుంది. చూడబోతే అందులో వింతేమీ లేదు. ఆ పరీక్ష అడిగింది అప్పటిదాకా తెలిసిన సంగతుల పట్టిక. అది ఆయన ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు, సొంతంగా చదువుకున్నది. పరీక్షకుల్లో ఒకరైన బామ్‌గార్ట్‌నర్‌ను మాత్రం మెచ్చుకోవాలి. తప్పిన అభ్యర్థిలో సరుకుందని గుర్తించి, ఇతన్ని వియన్నా విశ్వవిద్యాలయానికి పంపండని నాప్‌కు సలహా ఇచ్చాడు. నాప్ మఠం ఖర్చుతోనే పంపాడు.

వియన్నాలో 1851 నుంచి 1853 దాకా ఉన్నాడు. అక్కడ ఫిజిక్సు చెప్పింది డాప్లర్, మన ఫిజిక్సు పుస్తకంలో డాప్లర్ ఎఫెక్ట్ అని చదువుకునే డాప్లరే. ఎటింగ్స్‌హౌజెన్ అనే ఇంకొక ప్రొఫెసర్ గణితంలో సంయోగాల మీద, అంటే కొన్ని వస్తువులు ఎన్ని విధాల కలవగలవన్న లెక్కమీద, పుస్తకమే రాసినవాడు. ఉంగర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు జీవజాతులు స్థిరంగా ఉండవని, మారుతూ వచ్చాయని చెప్పి చర్చివాళ్ల కోపానికి గురైనవాడు. ఒకే తలలోకి ఈ ముగ్గురి పాఠాలూ ఎక్కాయి. అప్పటి వృక్షశాస్త్రజ్ఞులకు పూలు తెలుసు, గణితం అక్కర్లేదు. గణితజ్ఞులకు లెక్క తెలుసు, తోటలోకి దిగరు. రెండూ తెలిసి, పైగా మట్టిలో చేతులు పెట్టడం చిన్నప్పటినుంచీ అలవాటున్నవాడు మెండెల్. సృజన అంటే శూన్యంలోంచి ఏదో పుట్టించడం కాదనీ, ఒక చేలో పనికొచ్చిన పనిముట్టును ఎవరూ వాడని ఇంకొక చేలోకి తీసుకెళ్లడమనీ నాకు ఇక్కడే తోచింది. మనం మాత్రం ఎం.పి.సి., బి.పి.సి. అని పదిహేనో ఏటే గట్లు వేసేసుకుంటున్నాం.

తిరిగొచ్చి బ్రూన్‌లో మళ్లీ తాత్కాలిక ఉపాధ్యాయుడిగానే చేరాడు. 1856లో ఇంకోసారి పరీక్షకు వెళ్లి, మధ్యలోనే జబ్బుపడి తిరిగొచ్చాడు. ఆ సర్టిఫికెట్టు ఆయనకు ఎన్నడూ రాలేదు. అది లేకుండానే పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పాడు. అదే 1856లో బఠానీల సంకరణం మొదలయింది.

దానికి ముందు జరిగిన సంగతి మన పుస్తకాల్లో సరిగ్గా రాయరు. 1854లో విత్తనాల వ్యాపారుల దగ్గర 34 రకాల బఠానీలు కొన్నాడు. రెండేళ్లపాటు వాటిని ఊరికే వేసి చూశాడు. వేసిన రకం వేసినట్టే వస్తోందా, కల్తీ ఏమైనా ఉందా అని. మంచి విత్తనం కోసం గడపగడపా తిరిగే రైతు బుద్ధి ఇది. చివరికి 22 రకాలు నిలిచాయి. ఆ తరవాత ఏడు లక్షణాలను ఎంచుకున్నాడు. గింజ గుండ్రనా, ముడతా. లోపలి పప్పు పసుపా, ఆకుపచ్చా. మొక్క పొడుగా, పొట్టా. ఇలా అటో ఇటో తేలిపోయే లక్షణాలే తీసుకుని, ఆకు సైజు, పూసేకాలం వంటి నడిమధ్య రకాలను వదిలేశాడు. మొక్క మొత్తాన్ని అర్థం చేసుకోవాలని కూర్చుంటే మిగతావాళ్లలాగే ఈయనా తేలకుండా పోయేవాడు. ఏది వదిలెయ్యాలో తెలియడమే ఈ ప్రయోగంలో అసలైన ప్రతిభ అంటాను.

తోట ఎంత పెద్దదనుకున్నారు? పొడవు 35 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. మన దగ్గర రెండున్నర గుంటలు కూడా రాదు. నాప్ కట్టించిన గాజుల ఇల్లు ఒకటి దానికి తోడు. 1854లో బిషప్ తనిఖీకి వచ్చి, ఇక్కడివాళ్లు దైవచింతన మాని శాస్త్రాల్లో పడ్డారనీ, మఠాన్ని మూసెయ్యడం మంచిదనీ పైకి రాశాడు. నాప్ తట్టుకుని నిలబడ్డాడు. ఆయన నిలబడకపోతే ఆ రెండున్నర గుంటలూ ఉండేవి కావు.

బఠానీ పువ్వు విచ్చుకోకముందే తన పుప్పొడితో తనే ఫలదీకరణం చెందుతుంది. కాబట్టి మొగ్గ దశలోనే దాన్ని విప్పి, కేసరాలను చిమ్టాతో తీసేసి, వేరే మొక్క పుప్పొడిని కీలాగ్రం మీద అద్ది, పురుగూ పుట్రా రాకుండా చిన్న సంచి కట్టాలి. మా నడిగడ్డలో విత్తనపత్తి వేసే ఊళ్లవాళ్లకు ఈ పని బాగా తెలుసు. దీన్ని క్రాసింగ్ అంటారు. సాయంత్రం మొగ్గలు విప్పి మగభాగం గిల్లెయ్యడం, కాగితం తొడగడం, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి రుద్దడం. ఎండాకాలం సెలవులైపోయి పైరు పూతకొచ్చే రోజుల్లో మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ అదే పనిలో ఉంటారు. నడుములు పడిపోతాయి. ఒక్క సీజనుకే ఇంత అలసిపోతామే, ఎనిమిదేళ్లు ఒక మనిషి బడికెళ్లి పాఠం చెప్పి వచ్చి ఈ పని ఎలా చేశాడా అని నాకు ఆశ్చర్యం. 1863 నాటికి ఆయన చేతిమీదుగా దాదాపు 28,000 మొక్కలు పోయాయి.

పొడుగు మొక్కను పొట్టి మొక్కతో కలిపితే మొదటి తరంలో అన్నీ పొడుగే వచ్చాయి. ఇది అంతకుముందు కొందరు చూసిందే. వాటినుంచి వచ్చిన రెండో తరంలో పోయిందనుకున్న పొట్టి మళ్లీ కనబడింది. అదీ కొందరు చూశారు. ఎవరూ చెయ్యనిది ఒక్కటే, కూర్చుని లెక్కపెట్టడం. 1,064 మొక్కల్లో 787 పొడుగు, 277 పొట్టి. గింజల్లో 5,474 గుండ్రన, 1,850 ముడత. రంగు చూస్తే 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ. ఎటు తిప్పినా మూడింటికి ఒకటి. ఆయన అక్కడా ఆగలేదు. వంద పొడుగు మొక్కలు తీసుకుని ఒక్కొక్కదాని గింజలు పదేసి వేశాడు. 28 మొక్కల సంతానం అంతా పొడుగే, 72 మొక్కల సంతానంలో పొట్టి కూడా వచ్చింది. అంటే పైకి ఒక్కటిగా కనబడే పొడుగులో రెండు రకాలున్నాయి. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి కారకాలు వస్తాయనీ, అవి పాలూ నీళ్లలా కలిసిపోవనీ, గింజ గింజగా విడిగా ఉండి మళ్లీ విడిపోతాయనీ ఆయన తేల్చాడు. ఆ కారకాలనే మనం జన్యువులంటున్నాం. మైక్రోస్కోపుకు కూడా కనబడని వస్తువును అంకెల్లోంచి చూశాడు.

లెక్కపెట్టడంలో గొప్పేముందని అనిపించవచ్చు. డార్విన్ సంగతి చూడండి. ఆయన స్నాప్‌డ్రాగన్ పూలమొక్కలను సంకరం చేసి, రెండో తరంలో 127 మొక్కలు లెక్కపెట్టాడు. 88 మామూలు పూలవి, 37 వింత పూలవి, రెండు మధ్యరకం. 1868లో అచ్చయిన గ్రంథంలో ఆ అంకెలు ఉన్నాయి. అంత మహామేధావి చేతిలో కూడా అవి అంకెలుగానే మిగిలిపోయాయి. లెక్కకన్నా ముందు, లెక్క ఏదో చెబుతుందన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం మెండెల్‌కు ఫిజిక్సు తరగతిలో వచ్చింది.

ఆయన అంకెలు మరీ పొందికగా ఉన్నాయని 1936లో ఫిషర్ అనే గణాంకవేత్త అనుమానం వెలిబుచ్చాడు. దానిమీద వాదోపవాదాలు చాలా జరిగాయి. ఫలితం ముందే తెలిసి రీడింగులు రాసుకునే ప్రాక్టికల్ రికార్డుల కాలంలో ఉన్న మనం ఆ వాదనలో తీర్పు చెప్పకుండా ఉండటమే మేలు. 1900 తరవాత ఎన్నో దేశాల్లో ఎంతోమంది బఠానీలు వేసి మళ్లీ లెక్కపెట్టారు. మూడింటికి ఒకటే వచ్చింది.

1865 ఫిబ్రవరి 8న, మార్చి 8న బ్రూన్ ప్రకృతిశాస్త్ర సంఘం సమావేశాల్లో ఈ సంగతులు చదివాడు. నలభైమంది దాకా విన్నారు. మరుసటి ఏడాది అచ్చయింది. సంచిక వందకు పైగా గ్రంథాలయాలకూ సంస్థలకూ వెళ్లింది. ఆయన విడిగా 40 ప్రతులు వేయించుకుని పెద్దపెద్దవాళ్లకు పంపాడు. స్పందించినవాడు చెప్పుకోదగ్గవాడు ఒక్కడే, మ్యూనిచ్ ప్రొఫెసర్ నేగెలీ. ఆయన ఆ రోజుల్లో మహా పేరున్నవాడు. పని ఇంకా పూర్తికాలేదు, మొదలే అన్న ధోరణిలో జవాబిచ్చాడు. మెండెల్ వినయంగా గింజల పొట్లాలు కట్టి పంపాడు, మీరూ వేసి చూడండని. ఇక నేగెలీ ఏళ్ల తరబడి పరిశోధిస్తున్న హైరేషియం అనే పసుప్పచ్చ పూల మొక్క మీద మెండెల్ కూడా చాలా కష్టపడ్డాడు. దాని పూలు మరీ చిన్నవి. అద్దం, భూతద్దం పెట్టి వెలుతురు మళ్లించి పనిచేసి కళ్లు పాడుచేసుకున్నాడు. ఎంత చేసినా బఠానీ సూత్రం దాంట్లో కనబడలేదు. ఆ మొక్క చాలావరకు ఫలదీకరణం లేకుండానే గింజ కడుతుందని 20వ శతాబ్దం మొదట్లో గానీ ఎవరికీ తెలియలేదు. సంకరం జరగనేలేదు, ఇక సూత్రం ఎక్కడినుంచి కనబడుతుంది?

నాప్ 1867లో చనిపోయాడు. మరుసటి ఏడాది మెండెల్‌నే మఠాధిపతిగా ఎన్నుకున్నారు. జీతం, గౌరవం, హోదా అన్నీ వచ్చాయి. సమయం పోయింది. తన తోటకు కంచె కట్టి కాపాడిన మనిషి లేడు, ఆ కుర్చీలో ఇప్పుడు తనే ఉన్నాడు. 1874లో ప్రభుత్వం మఠాల ఆస్తులమీద కొత్త పన్ను వేసింది. అది అన్యాయమని ఆయన కట్టనన్నాడు. మిగతా మఠాలు సర్దుకున్నాయి, ఈయన చచ్చేదాకా సర్దుకోలేదు. ఎనిమిదేళ్లు బఠానీలమీద పెట్టిన పట్టుదలంతా అర్జీలూ జవాబులూ రాయడంలో కరిగిపోయింది. రైతుకొడుకు మొండితనం ఒకచోట శాస్త్రమైంది, ఇంకొకచోట వ్యాజ్యమైంది. తేనెటీగలనూ, రోజువారీ వాతావరణ లెక్కలనూ మాత్రం వదల్లేదు.

1884 జనవరి 6న మూత్రపిండాల జబ్బుతో మెండెల్ కన్నుమూశాడు. అంత్యక్రియల్లో ఆర్గన్ వాయించింది తరవాత పెద్ద సంగీతకారుడిగా పేరుపొందిన యానచెక్. వచ్చినవాళ్లు మంచి మఠాధిపతి పోయాడనుకున్నారు, మంచి పంతులు పోయాడనుకున్నారు. శాస్త్రవేత్త పోయాడని అనుకున్నవాళ్లు చాలా తక్కువ. ప్రయోగాల పుస్తకాలు, కాగితాలు చాలామటుకు తగలబెట్టారు.

1900లో హాలండులో డివ్రీస్, జర్మనీలో కొరెన్స్, ఆస్ట్రియాలో చెర్మాక్ వేరువేరుగా అదే దారిలో వచ్చి, 34 ఏళ్ల కిందటి ఆ వ్యాసాన్ని బయటికి తీశారు. వీళ్లలో కొరెన్స్ నేగెలీ శిష్యుడే. బ్రూన్‌లో కాగితాలు బూడిదైనా, మ్యూనిచ్‌లో నేగెలీకి రాసిన ఉత్తరాలు మిగిలాయి. 1866 నుంచి 1873 దాకా రాసిన పది ఉత్తరాలు. 1905లో కొరెన్స్ వాటిని అచ్చువేయించాడు. కళ్లనొప్పి సంగతి, మొక్కజొన్న మీద కూడా చేసి చూసిన సంగతి, ఒళ్లు బరువెక్కి మొక్కలకోసం గుట్టలెక్కలేకపోతున్న సంగతి అన్నీ మనకు తెలిసింది ఆ ఉత్తరాల వల్లనే. 1873 నవంబరులో రాసిన చివరి ఉత్తరంలో, మఠం పనుల్లో పడి మొక్కల దగ్గరికీ తేనెటీగల దగ్గరికీ వెళ్లలేకపోతున్నందుకు బాధపడ్డాడు. ఆ ఉత్తరంతోపాటు, అంతకుముందు ఏళ్ల ప్రయోగాల్లోని హైరేషియం మొక్కలు కూడా పార్సెల్ కట్టి పంపించాడు.